ఇంగ్లిష్ మేజర్ తీసుకుంటే ‘రాయడం’ నేర్పిస్తారా? తిరుపతిలో చదివినవాళ్ళు చెప్పండి

పలమనేరు పిల్ల · జూన్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది పలమనేరు పక్కన పల్లె. ఇంటర్ సీఈసీ ఈ ఏడే అయిపోయింది. డిగ్రీ తిరుపతిలో ఇంగ్లిష్ మేజర్ తీసుకోవాలని నాకుంది. ఇంట్లో బీకాం కంప్యూటర్స్ అంటా ఉండారు.

నాకు కథలూ కవిత్వమూ ఇష్టమే గానీ నేను అడిగేది అది కాదు. రాయడం కావాల నాకు. నేనొకటి రాస్తే అవతలోళ్ళు చదివి, ‘అవును గదా’ అనుకోవాల. నెట్‌లో చూస్తే అమెరికాలో ‘రైటింగ్ అండ్ రెటరిక్’ అని డిగ్రీలోనే చదువు ఉందంట. ఆ చదువు ఈడ యాడన్నా ఉందా? లేకపోతే మామూలు ఇంగ్లిష్ మేజర్‌లో దాన్ని ఎట్ల నేర్చుకునేది?

ఎందుకు అడగతా ఉండానో కూడా చెప్తాను. మాకు రెండు ఆవులు. ఊర్లోనే పాల కేంద్రానికి పోస్తాము. ఫ్యాట్ 3.8, 3.9 వచ్చేది. నెల రోజులుగా 3.2, 3.1 చూపిస్తా ఉంది, లెక్క తగ్గిపోతా ఉంది. డెయిరీకి అర్జీ రాయమని మా నాయన నాకు చెప్పినాడు. రాసి పంపించినా. రెండు వారాలైనా పలికినోళ్ళు లేరు. పన్నెండేండ్లు చదివిన నాకు ఒక అర్జీ రాయడం రాకపాయె గదా అని ఆ రాత్రి నిద్రపట్టలేదు.

తిరుచానూరు నాయన · జూన్ 9, రాత్రి 10:15

మా పాపదీ ఇదే పట్టు. నేను వద్దనడం లేదు. మాకు స్పేర్ పార్టుల అంగడి ఉండాది, దాంట్లోనే బతుకుతా ఉండాము. మూడేండ్లు చదివినాక చేతికి ఏం వస్తుందో ఎవురన్నా నిజంగా చెప్పండి. ‘మంచి భవిష్యత్తు ఉంది’ అనే మాట నాకొద్దు, అది అందరూ అంటారు.

పాత ఇంగ్లిష్ సార్ · జూన్ 10, ఉదయం 6:20

అమ్మా, నేను తిరుపతిలోనే డిగ్రీ పిల్లలకి ముప్ఫై ఏళ్ళకు పైగా ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. ఉన్నదున్నట్టు చెబుతాను.

2023-24 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీకి ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. మూడేళ్ళకు డిగ్రీ, నాలుగో ఏడు కూడా చదివితే ఆనర్స్. ఇంగ్లిష్ మేజర్‌లో మీకు కవిత్వం, నాటకం, నవల, సాహిత్య చరిత్ర, విమర్శ, కొంత భాషాశాస్త్రం ఉంటాయి. రాయడం ఒక చిన్న పేపరుగానో, నైపుణ్యం కోర్సుగానో పక్కన ఉంటుంది. రెటరిక్ అనే పేరుతో మూడేళ్ళ చదువు మన చుట్టుపక్కల నేను చూడలేదు.

ఇలా ఎందుకైందో తెలిస్తే మీకు దారి కూడా దొరుకుతుంది. రెటరిక్ అంటే ఒప్పించే విద్య. గ్రీకుల కాలం నుంచి దాదాపు రెండు వేల ఏళ్ళు యూరప్‌ చదువులో పెద్ద భాగం అదే. ఏ సందర్భంలోనైనా ఎదుటివారిని ఒప్పించడానికి ఏయే మార్గాలున్నాయో కనిపెట్టే శక్తి అని అరిస్టాటిల్ దాన్ని నిర్వచించాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో 1762లో హ్యూ బ్లెయిర్‌కి ఇచ్చిన పీఠం పేరులోనే రెటరిక్, సాహిత్యం రెండూ పక్కపక్కన ఉన్నాయి. పోనుపోను రెండోది పెరిగి మొదటిదాన్ని మింగేసింది. మన కాలేజీలకు ఇంగ్లిష్ చదువు చేరేసరికి మిగిలింది చదివి మెచ్చుకోవడమే. ఇంకొకరు రాసిందాన్ని వివరించడం మేం నేర్పాం. మీరు రాసిందాన్ని మీతో తిరగరాయించడం నేర్పలేదు. ఈ తప్పులో నా పాలు కూడా ఉంది. వంద పేపర్లు దిద్దాల్సి వచ్చినప్పుడు స్పెల్లింగుల కింద ఎర్ర గీతలు గీసి పంపేశాను.

లీవ్ లెటర్ మనందరికీ కంఠతా వచ్చు గదా, ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని. కడుపునొప్పి వచ్చిన పిల్లవాడు కూడా జ్వరమనే రాస్తాడు, ఎందుకంటే వాడికి వచ్చిన వాక్యం అదొక్కటే. తనకు వచ్చిన నొప్పిని తన మాటల్లో రాయించాలి. మన దగ్గర ఆ పని మొదలే కాలేదు.

మీ అర్జీ ఇక్కడ పెట్టండి. చూద్దాం.

కట్టమంచి కుర్రాడు · జూన్ 10, ఉదయం 8:05

నాది చిత్తూరు. బీఏలో స్పెషల్ ఇంగ్లిష్ చదివి ఇప్పుడు బెంగళూరులో టెక్నికల్ రైటర్‌గా చేస్తున్నా, తొమ్మిదో ఏడు. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో వాడేవాళ్ళకి రాసిపెట్టడం నా పని.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వాక్యం రాశాను: ‘పాత ఫైలు తీసేయండి, అంతకు ముందే దాని కాపీ ఒకటి దాచుకుని ఉండాలి.’ వ్యాకరణం సరిగ్గానే ఉంది. చదివేవాడు మాత్రం ‘తీసేయండి’ దగ్గరే తీసేస్తాడు, మిగతా సగం చదివేసరికి పోవలసింది పోయుంటుంది. మా సీనియర్ మేడం ఆ వాక్యం తిప్పి రాసింది: ‘ముందు కాపీ దాచుకోండి. తర్వాత పాత ఫైలు తీసేయండి.’ ఒక్క అక్షరం కూడా కొత్తది నేర్చుకోలేదు నేను ఆ రోజు, కానీ రాయడం గురించి నాకు తెలిసిందంతా ఆ రోజు తెలిసిందే. ఏది ముందు, ఏది తర్వాత. రోమన్లు రెటరిక్‌ని ఐదు భాగాలు చేశారు: విషయం వెతకడం, వరసలో పెట్టడం, మాటల తీరు, జ్ఞాపకం, పలకడం. ఆ రెండోదే ఇదని చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నా.

కాలేజీలో ఇది ఎవరూ చెప్పలేదు. అందుకే పలమనేరు చెల్లెలికి నా మాట: మేజర్ ఏదైనా ఫరవాలేదు, రాయడం బయటే నేర్చుకోవాలి.

పలమనేరు పిల్ల · జూన్ 10, సాయంత్రం 6:30

సార్, ఇదే ఆ అర్జీ. మార్చకుండా పెడతా ఉండాను.

‘గౌరవనీయులైన మేనేజరు గారి దివ్య సముఖమునకు, నమస్కరించి వ్రాయునది ఏమనగా, మేము మిక్కిలి పేద రైతు కుటుంబమునకు చెందినవారము. గత కొంతకాలముగా మీ కేంద్రమునందు రైతులకు తీవ్ర అన్యాయము జరుగుచున్నది. ఫ్యాట్ తక్కువ చూపి మా పొట్ట కొట్టుచున్నారు. కావున తాము దయతలచి తగు చర్యలు తీసుకొనవలసినదిగా ప్రార్థించుచున్నాము.’

ఇంగ్లిషులో కూడా ఇట్లనే రాసినా, ‘విత్ డ్యూ రెస్పెక్ట్’ అని మొదలుపెట్టి.

స్వర్ణముఖి · జూన్ 10, రాత్రి 9:10

పాపా, నేను తిరుపతిలో ఎంఏ చేసి, పీహెచ్‌డీకి అమెరికా వెళ్ళి, అక్కడ నాలుగేళ్ళు మొదటి సంవత్సరం పిల్లలకి రైటింగ్ క్లాసు చెప్పాను. అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఇంజనీరింగ్ పిల్లలు కూడా ఆ క్లాసు దాటితేనే ముందుకు వెళ్తారు. ఇప్పుడు మళ్ళీ ఇక్కడే ఉన్నాను.

నా క్లాసులో 22 మంది ఉండేవాళ్ళు. ఒక వ్యాసాన్ని మూడు సార్లు రాయాలి. మొదటి ప్రతి నాకివ్వరు, పక్కన కూర్చున్నవాళ్ళకి ఇస్తారు. వాళ్ళు ‘బాగుంది’ అని రాయకూడదు. ‘ఇక్కడ నాకు అర్థం కాలేదు’, ‘ఇక్కడ నేను నమ్మలేదు’, ‘ఇక్కడ ఆగి వెనక్కి వెళ్ళాను’, ఇలాంటివి రాయాలి. చివరన మార్కులు తుది ప్రతికి ఒక్కదానికే కాదు, మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఏం మారింది, ఎందుకు మార్చావు అనేదానికీ ఉంటాయి. ‘రైటింగ్ అండ్ రెటరిక్’ డిగ్రీ అంటే ఈ పనిని మూడు నాలుగేళ్ళు రకరకాల చోట్ల చేయడం. పత్రికకి, కోర్టుకి, కంపెనీకి, ఊరికి.

నీ అర్జీ నేను పక్కన కూర్చున్న పిల్లలాగా చదివాను. ‘గత కొంతకాలముగా’ దగ్గర ఆగాను, ఎప్పటినుంచి? ‘తీవ్ర అన్యాయము’ దగ్గర నమ్మలేదు, అంకె లేదు. ‘తగు చర్యలు’ దగ్గర ఏం చేయాలో అర్థం కాలేదు. మేనేజరు మంచివాడే అనుకుందాం, నీ ఉత్తరం చదివి లేచాడు. లేచి ఏం చేస్తాడు? ఎవరికి ఫోన్ చేస్తాడు? నువ్వు చెప్పలేదు.

లాయిడ్ బిట్జర్ అని ఒకాయన 1968లో రాసిన వ్యాసంలో ఒక మాట ఉంది. ఏ రాతకైనా వెనక మూడు ఉంటాయి: సరిచేయాల్సిన ఒక లోటు, ఆ లోటును సరిచేయగలిగిన శ్రోత, దారిలో అడ్డుపడే పరిస్థితులు. నీ లోటు నీకు తెలుసు. మిగతా రెండూ చెప్పు. ఈ ఉత్తరం నిజంగా చదివేది ఎవరు? అతని చేతిలో ఏముంది? నువ్వు రాయలేనిది ఏమన్నా ఉందా?

నీవా ఒడ్డు · జూన్ 10, రాత్రి 11:00

చిత్తూరు కోర్టులో ప్రాక్టీసు చేస్తా ఉండాను. ఇంట్లో ఆవులు పెరిగినోణ్ణి కూడా.

పాపా, డెయిరీ తరఫున నేనే ఉంటే ఏమంటానో విను. ఒకటి, వానలు పడినాయి, పచ్చి గడ్డి ఎక్కువై ఎండు మేత తగ్గింది, అందుకే ఫ్యాట్ తగ్గింది. రెండు, దూడకి ఆఖరు పాలు వదిలేసి ముందు పాలు పోస్తా ఉండారు, వెన్న ఉండేది ఆఖరు పాలల్లోనే. మూడు, నీళ్ళు కలిసినాయి. ఈ మూడిటికీ నీ ఉత్తరంలో జవాబు లేదు. అవతలోడు నోరు తెరవకముందే వాడి మాట నువ్వు చెప్పి, దానికి జవాబు చెప్పేయాల. లా కాలేజీలో నాకు ఎవురూ చెప్పలేదు ఇది, మొదటి కేసు ఓడిపోయినాక తెలిసింది.

నీళ్ళు కలిస్తే ఫ్యాట్‌తో పాటు ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే పాలల్లో వెన్నా నీళ్ళూ పోగా మిగిలే గట్టి పదార్థం, అది కూడా పడిపోవాల. నీ చీటీల మీద ఎస్‌ఎన్‌ఎఫ్ చూడు. అది మారకుండా ఉంటే మూడో మాట పడిపోయినట్లే.

శేషాచలం · జూన్ 11, ఉదయం 5:50

నేను ఇక్కడి సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతున్నాను, అంటే కోర్టు చట్టం కాదు, మన పాత తర్కశాస్త్రం. రెటరిక్ అనగానే అందరూ గ్రీకులనే తలుచుకుంటున్నారు కాబట్టి రాస్తున్నాను.

మా దగ్గర వాదానికి ఐదు అవయవాలు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది. ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో లాగ. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి కొండ మీద నిప్పుంది. మాకు ఈ పాఠం పుస్తకంలో వెతుక్కునే పని లేదు, ఎండాకాలం శేషాచలం అడవి అంటుకుంటే హాస్టల్ మేడ మీద నుంచి కనిపిస్తుంది. అలాగే మార్గశిరంలో తెల్లవారుజామున అదే కొండ మీద తెల్లగా లేచేది పొగ కాదు, మంచు. దూరం నుంచి రెండూ ఒకటే. ఆవిరిని చూసి పొగ అనుకుని నిప్పుందని చెప్పడం మా శాస్త్రంలో పాతకాలం నుంచీ చూపించే దోషం.

మీ అర్జీలో ప్రతిజ్ఞ ఉంది, ‘అన్యాయం జరుగుతోంది’ అని. హేతువు లేదు. అంకె తగ్గడం మీకు కనిపించిన పొగ. అది మోసమనే నిప్పు నుంచి వచ్చిందో, మేత మారడమనే మంచో ముందు తేల్చుకోవాలి. వాదం అంటే నిజం తేల్చుకోవడానికి చేసేది. గెలవడానికి మాత్రమే చేసేదాన్ని జల్పం అంటారు. మీరు వాదం చేయండి.

కట్టమంచి కుర్రాడు · జూన్ 11, ఉదయం 9:30

శేషాచలం గారు చెప్పింది చదివి నిజంగా సంతోషమేసింది. స్టీఫెన్ టూల్మిన్ 1958లో వాదాన్ని భాగాలు చేసి చూపించినదానికి ఇది ఎంత దగ్గరగా ఉందో! ఆయనా అదే అంటాడు, చెప్పిన మాట, దానికి ఆధారం, ఆ ఆధారం నుంచి ఆ మాటకి వెళ్ళనిచ్చే వంతెన. దాంతో పాటు ‘బహుశా’ అనే జాగ్రత్త, ‘ఇలా అయితే తప్ప’ అనే మినహాయింపు కూడా ఉండాలంటాడు.

పలమనేరు పిల్ల · జూన్ 12, రాత్రి 8:45

మీరందరూ చెప్పినట్ల మొన్నటి నుంచి తిరగతా ఉండాను. 14 ఇండ్ల చీటీలు తెచ్చినా. ఎస్‌ఎన్‌ఎఫ్ ఎవురికీ మారలేదు. ఫ్యాట్ అందరికీ మే 6 సాయంత్రం పూట నుంచే తగ్గింది, ఒకే రోజు! మేత వల్లయితే ఒకొక్క ఇంట్లో ఒకొక్క రోజు తగ్గాల గదా. మా చిన్నాయన పక్కూర్లో వేరే కేంద్రానికి పోస్తాడు, ఆయన ఆవులు కూడా మా చేలల్లోనే మేస్తాయి. ఆయనకి ఇప్పటికీ 3.8 వస్తా ఉంది.

స్వర్ణముఖి అక్క అడిగినదానికి జవాబు రాయాలంటే చెయ్యి రాలేదు, అందుకే రెండు రోజులైంది. రాయలేనిది ఒకటి ఉందక్కా. మా ఊరి కేంద్రంలో పాలు పరీక్ష చేసేది మాకు బావ అవుతాడు, మా పెద్దమ్మ కూతుర్ని, అంటే నాకు అక్కని చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు. ‘పొట్ట కొట్టుచున్నారు’ అని నేను రాసింది పై ఆఫీసు చదివితే పోయేది ఆయన ఉద్యోగమే. మా నాయనకి ఈ సంగతి తెలుసు, అయినా రాయమన్నాడు, ఎందుకంటే అప్పు ఉంది. నేను రాసి పోస్టు చేసి, ఎవురూ పలకకూడదని కూడా మనసులో అనుకున్నా.

ఫోన్‌లో ఏఐ యాప్‌ని కూడా అడిగినా అర్జీ రాసిమ్మని. చాలా చక్కగా రాసిచ్చింది, ‘బాధ్యులైన సిబ్బందిపై కఠిన చర్యలు తీసుకోగలరు’ అని ముగించింది. దానికి మా బావ సంగతి తెలియదు. నేను చెప్పలేదు. చెప్పాలని తోచలేదు గూడా.

స్వర్ణముఖి · జూన్ 12, రాత్రి 10:30

పాపా, నువ్వు నన్ను కూర్చోబెట్టి ఆలోచింపజేశావు. నీ మొదటి ఉత్తరం ఎందుకు అంత మెత్తగా, అంత గట్టిగా ఒకేసారి ఉందో ఇప్పుడు తెలిసింది. పెద్ద మాటలు వాడావు, కానీ ఒక్క అంకె, ఒక్క తేదీ, ఒక్క మనిషి లేకుండా. నీకు రాయడం రాక కాదు. ఎవరికీ తగలకూడదని నీ చెయ్యి జాగ్రత్తపడింది.

యాప్ సంగతి నువ్వే చెప్పేశావు. వాక్యాలు అది రాయగలదు. బావ ఉన్నాడని దానికి చెప్పాలని తోచడం, అది రాసిన చివరి వాక్యం చదివి ‘ఇది మా ఇంట్లో పనికిరాదు’ అనుకోవడం, ఇవి నీ పనులు. రెటరిక్ చదువులో నేర్పేది ఆ పనులే.

ఇప్పుడు ఇలా ఆలోచించు. నీకు కావాల్సింది బావకి శిక్ష కాదు, అంకె సరికావడం. శిక్ష అడగని ఉత్తరం రాయి. ఒక పని అడుగు, మేనేజరు ఒక పూటలో చేయగలిగేది. ఇంకొకటి, పంపే ముందు బావకి చూపించు.

నీవా ఒడ్డు · జూన్ 12, రాత్రి 11:20

స్వర్ణముఖి మేడం చెప్పింది సరిగ్గా ఉండాది. యంత్రం తప్పో, నమూనా తీసే తీరు తప్పో మనకి తెలియదు గదా. పాలు బాగా కలపకుండా అడుగు నుంచి తీస్తే వెన్న పైనే ఉండిపోయి అంకె తగ్గుతుంది. యంత్రం కడగకపోయినా తప్పు చూపిస్తుంది. ‘తెలియదు’ అని రాయడానికి భయపడొద్దు. తెలియని చోట తెలియదని రాసినోడి మాట, తెలిసిన చోట నమ్ముతారు. గెర్బర్ పద్ధతిలో పరీక్ష చేయమని అడుగు, అది యాసిడ్ పోసి గొట్టంలో వెన్న కొలిచే పాత పద్ధతి, పెద్ద ల్యాబుల్లో ఉంటుంది.

పలమనేరు పిల్ల · జూన్ 14, సాయంత్రం 5:15

నాలుగోసారి రాసింది ఇది. మా నాయనా, బావా ఇద్దరూ చదివినారు.

‘మేనేజరు గారికి నమస్కారం. మా ఊరి కేంద్రంలో పాలు పోసే 14 ఇండ్ల తరఫున రాస్తున్నాము. మే 6 సాయంత్రం నుంచి మా అందరి ఫ్యాట్ ఒకేసారి 0.6 నుంచి 0.8 దాకా తగ్గింది. ఎస్‌ఎన్‌ఎఫ్ మారలేదు. మేత మారినందువల్లనేమో అని మేమూ అనుకున్నాము, కానీ అదే మేత తినే ఆవుల పాలకి పక్కూరి కేంద్రంలో తగ్గలేదు. చీటీల నకళ్ళు జతచేసినాము. కారణం యంత్రమో, నమూనా తీసే తీరో మాకు తెలియదు. ఒక పూట మీ మనిషిని పంపి, మా ఎదుట నమూనా తీయించి, అదే నమూనాను మీ పెద్ద ల్యాబ్‌లో గెర్బర్ పద్ధతిలో పరీక్ష చేయించి, రెండు అంకెలూ మాకు చెప్పవలసిందిగా కోరుతున్నాము. కేంద్రంలో పనిచేసే అతను కూడా ఈ పరీక్ష కావాలనే అంటున్నాడు.’

ఆఖరు వాక్యం బావే చెప్పి రాయించినాడు. ‘ఆ మెషిను గురించి నేను రెండుసార్లు ఫోన్ చేసినా అమ్మణ్ణీ, నా మాట ఎవురూ వినలేదు’ అన్నాడు.

పాత ఇంగ్లిష్ సార్ · జూన్ 15, ఉదయం 6:10

అమ్మా, ఈ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒప్పించడానికి అరిస్టాటిల్ చెప్పిన మూడు మార్గాలూ ఇందులో ఉన్నాయి. రాసినవారి మీద నమ్మకం ‘మాకు తెలియదు’ అనే మాటలో ఉంది. తర్కం మే 6లో ఉంది. చదివేవారి మనసును తాకేది, ‘మిక్కిలి పేద’ అని ఒక్కసారి కూడా అనకుండానే, పద్నాలుగు ఇళ్ళలో ఉంది.

కట్టమంచి కుర్రాడు అన్న ఒక మాటతో మాత్రం నేను ఏకీభవించను. మేజర్ ఏదైనా ఫరవాలేదు అన్నాడు. ఫరవా ఉంది. సాహిత్యం చదివినవాడికి ఒక మాట పక్కకు జరిగితే అర్థం ఎంత జరుగుతుందో చెవికి తెలుస్తుంది. మదనపల్లె బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి 1919లో టాగూరు వచ్చి, జనగణమనను ఇంగ్లిషులోకి తనే మార్చుకున్నాడు. బాణీకి స్వరాలు రాసింది ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్. బెంగాలీ తెలియని శ్రోతలు ఎదురుగా ఉంటే కవి తన పాటనే ఇంకో భాషలో మళ్ళీ కట్టుకున్నాడు. ఏ మాట వదిలాడు, ఏది నిలుపుకున్నాడు అని రెండిటినీ పక్కన పెట్టుకుని ఒక రోజంతా చదివితే రెటరిక్ పేపరు ఒకటి చదివినట్టే. అది మన కొండల మధ్య జరిగిన పని.

కట్టమంచి కుర్రాడు · జూన్ 15, ఉదయం 9:00

సార్, ఒప్పుకుంటా, కానీ సగమే. అలా పక్కపక్కన పెట్టి చదివించేవాళ్ళు ఉంటే ఫరవా ఉంది. నాకు మూడేళ్ళూ గైడు డిక్టేట్ చేశారు. మా ఊరి కట్టమంచి రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జ్ యూనియన్‌కి ఉపాధ్యక్షుడయ్యాడని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి మొదటి ఉపకులపతి ఆయనేనని నేను డిగ్రీ అయిపోయాక తెలుసుకున్నా. ఆయన ఇల్లు ఉన్న ఊళ్ళో చదువుతూ మేం ఒక్క రోజు డిబేట్ చేయలేదు.

తిరుచానూరు నాయన · జూన్ 15, మధ్యాహ్నం 2:20

ఆ పాల ఉత్తరం మా పాపకి చదివి వినిపించినా. నాకూ అర్థమైంది ఈ చదువు ఏందో. నా ప్రశ్నకి మాత్రం ఇంకా జవాబు రాలేదు.

స్వర్ణముఖి · జూన్ 15, రాత్రి 9:45

మీ ప్రశ్న న్యాయమైనది అన్నా, జవాబు ఇవ్వకుండా తప్పించుకోము. డిగ్రీ ఒక్కటే చేత్తో పట్టుకుని వెళ్తే వెంటనే పెద్ద జీతం రాదు. దాంతో పాటు ఇంకొకటి కావాలి. టీచర్ కావాలంటే బీఈడీ చేసి డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ రాయాలి. లా కావాలంటే లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ. సివిల్స్ వైపు చూస్తే మెయిన్స్‌లో వ్యాసం పేపరే 250 మార్కులు, రెండు వ్యాసాలు, ఒక్కొక్కటి వెయ్యి నుంచి పన్నెండు వందల మాటలు. కంపెనీల్లో అయితే కట్టమంచి తమ్ముడి పని లాంటివి, వాటికి డిగ్రీ కన్నా రాసి చూపించే నమూనాలే ముఖ్యం.

మీ పాప మొదటి ఏడు నుంచే రాసినవన్నీ తేదీలు వేసి, మొదటి ప్రతీ చివరి ప్రతీ కలిపి ఒక ఫైలులో పెట్టుకోమనండి. ఆఖరు సంవత్సరానికి అది మార్కుల జాబితా కన్నా ఎక్కువ మాట్లాడుతుంది. పర్‌డ్యూ యూనివర్సిటీ వాళ్ళ రాత పాఠాలు 1994 నుంచి నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, అక్కడ మొదలుపెట్టవచ్చు.

శేషాచలం · జూన్ 16, ఉదయం 6:00

ఇంకొక్క మాట. బయట నేర్చుకోవాలంటే ఎక్కడికో పోనక్కరలేదు. మన పల్లెల్లో భారతం జరుగుతుంది గదా, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. మా ఊళ్ళో మధ్యాహ్నం మూడింటికి, ఎండ మాడుస్తుంటే, పందిరి కింద అన్నం తిని కునికిపాట్లు పడే ముసలివాళ్ళని భాగవతారు గారు కృష్ణ రాయబారం దగ్గర ఎలా లేపేవారో నేను చిన్నప్పుడు చూశాను. గొంతు పెంచేవారు కాదు. కృష్ణుడు సభలోకి అడుగుపెట్టే చోట చిడతలు ఆపేసి, ఊరకే నిలబడేవారు. ఆ నిశ్శబ్దానికి మా జేజి కళ్ళు తెరిచేది. పలకడం అనే ఐదో భాగం గురించి కట్టమంచి అన్న రాశాడు కదా, నాకు అది అక్కడ తెలిసింది.

పలమనేరు పిల్ల · జూలై 4, రాత్రి 8:20

అందరికీ. సూపర్‌వైజర్ వచ్చినాడు, మా ఎదురుగానే నమూనా తీసినాడు. మా కేంద్రం మెషిను 3.1 చూపించింది, ల్యాబ్‌లో 3.8 వచ్చింది. మెషిను గొట్టంలో పాల మడ్డి పేరుకుని ఉండింది. శుభ్రం చేసి, సరిచేసి పోయినారు. మొన్నటి నుంచి 3.7, 3.8 పడతా ఉంది. పోయిన నెల డబ్బులు ఇస్తారో లేదో ఇంకా చెప్పలేదు, దానికి ఇంకొక ఉత్తరం రాస్తా ఉండాను. బావ ఉద్యోగం బావుంది. ఆదివారం అక్కా పిల్లలూ ఇంటికి వచ్చి అన్నం తిని పోయినారు.

మా నాయన ఇంగ్లిష్ మేజర్‌కి ఒప్పుకున్నాడు. తిరుపతిలోనే, హాస్టల్లో.

సార్, జనగణమన బెంగాలీ పాటా, ఆ ఇంగ్లిష్ పాటా రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలని ఉంది. నాకు బెంగాలీ రాదు, తెలుగు లిపిలో రాసుకుని ఒకొక్క మాటకీ అర్థం చూసుకుంటే చాలునా? తిరుచానూరు నాయన గారూ, మీ పాప కూడా చేరతా ఉంటే చెప్పండి. ఇద్దరమైతే ఒకరిది ఒకరం చదువుకోవచ్చు.

తిరుచానూరు నాయన · జూలై 4, రాత్రి 9:05

చేరతా ఉంది పాపా. ఫీజు ఈ పొద్దే కట్టినా. మీ ఇద్దరికీ ఒకే కాలేజీ కాకపోయినా ఆదివారం మా ఇంటికి రా, అమ్మవారి గుడికి దగ్గరే. మా పాప మొదటి వ్యాసం రాసి పెట్టుకుని ఉండాది, చదివి యాడ అర్థం కాలేదో చెప్పల్ల నువ్వు.